పాత వీడియో గేమ్: మీ దగ్గరున్న కాపీ ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం. పాత వీడియో గేములను ఫోన్లోనో కంప్యూటర్లోనో ఆడించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. అందులో వేసే ఆట ఫైలు రోమ్. ఆ రోమ్‌ను నెట్‌లోంచి దించుకుంటే పైరసీయేనా? పిల్లలూ అడుగుతున్నారు, పెద్దలూ అడుగుతున్నారు.

నాకెంతో ఇష్టమైన ఒక కేసు చెబుతాను. 1999 జనవరిలో అమెరికాలో కనెక్టిక్స్ అనే కంపెనీ 49 డాలర్లకు ఒక ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ తెచ్చింది. సోనీ వాళ్ల గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ సీడీని మ్యాక్ కంప్యూటర్లో పెడితే ఆట నడిచేది. ప్లేస్టేషన్ కొనక్కర్లేదు. సోనీ ఊరుకుంటుందా? కోర్టుకెళ్లింది. కనెక్టిక్స్ ఇంజనీర్లు ప్లేస్టేషన్ లోపలి బయాస్‌ను, అంటే ఆ మెషిన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను, కాపీ చేసి, అదెలా పనిచేస్తుందో పరిశీలించి, ఆపైన సొంత కోడ్ రాసుకున్నారు. అమ్మిన ప్రోగ్రామ్‌లో సోనీ కోడ్ లేదు. కింది కోర్టు అమ్మకం ఆపమంది. 2000 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పరిశీలన కోసం చేసిన ఆ కాపీ తప్పు కాదంది. మరుసటి ఏడాది సోనీయే ఆ ప్రోగ్రామ్‌ను కొనేసి, మూలన పెట్టేసింది. అంత మంచి పని అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఇందులో ఒకటి గమనించండి. ఆ ప్రోగ్రామ్ తయారైంది కొన్న సీడీతో ఆడేవాళ్ల కోసం. కొన్న సీడీ! ఎవరో నెట్‌లో పెట్టిన ఫైలు కాదు.

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనూ ఇదే తేడా ఉంది. చట్టబద్ధంగా మీరు సంపాదించుకున్న కాపీ నుంచి, వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకోవచ్చు. ఎవరో అప్‌లోడ్ చేసిన ఫైలు ఆ లెక్కలోకి రాదు. 24 గంటల్లో డిలీట్ చేస్తే తప్పు లేదంటారు చూడండి, అలాంటి వెసులుబాటు చట్టంలో ఎక్కడా లేదు. "మా ఇంట్లో క్యాసెట్ ఉంది కదా" అంటారా? మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న, "9999 ఇన్ 1" అని రాసి ఉండే ఆ క్యాసెట్లు చాలావరకు దొంగ కాపీలే.

అయితే కంపెనీల తప్పు లేదని నేను అనను. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. డబ్బిస్తామన్నా అమ్మేవాడు లేడు! అమ్మడం మానేసిన ఆటలను కనీసం లైబ్రరీల ద్వారానైనా అందరికీ అందించాలి. చట్టం ఆ వైపు మారాలని నా గట్టి కోరిక.

అంతవరకూ ఒక్క పని చేయండి. పిల్లలు ఎమ్యులేటర్ వేసుకుంటే కోప్పడకండి, ఫైలు ఎక్కడ దొరికిందని అడగండి. సెగా, క్యాప్‌కామ్ లాంటి కంపెనీలు పాత ఆటలను కలిపి కొత్తగా అమ్ముతున్నాయి. పాత మెషిన్ల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు తయారుచేసి, రోమ్‌ను తామే ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. హోమ్‌బ్రూ అని వెతకండి, దొరుకుతాయి.