డాక్టరు గారి భార్య పేరు మీద నడిచిన కేసు

నమస్కారం అండీ. కెనడాలో లా చదివేవాళ్ళందరికీ తెలిసిన కేసు ఒకటుంది. 'ఎడ్వర్డ్స్ వర్సెస్ అటార్నీ జనరల్ ఆఫ్ కెనడా'. చట్టం దృష్టిలో ఆడవాళ్ళు 'వ్యక్తులేనా' అని తేల్చిన కేసు. ఈ ఎడ్వర్డ్స్ లాయరు కాదు, ఎమ్మెల్యే కాదు. ఒక పల్లెటూరి డాక్టరు గారి భార్య. పూర్తి పేరు హెన్రియెట్టా మ్యూర్ ఎడ్వర్డ్స్.

కేసుకి ఆవిడ పేరు ఎందుకొచ్చిందంటే, అర్జీ పెట్టిన ఐదుగురు ఆడవాళ్ళలో ఇంగ్లీషు అక్షరాల వరసలో ఆవిడ పేరు ముందుంది. అంతే! కానీ నన్నడిగితే, యాదృచ్ఛికంగా పడినా ఆ పేరు పడాల్సిన చోటే పడింది. ఎందుకో చెప్తాను.

ఆవిడ 1849లో మాంట్రియల్‌లో, కలిగినవాళ్ళ ఇంట్లో పుట్టారు. బొమ్మలు బాగా వేసేవారు. ఎంత బాగా అంటే, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకి పింగాణీ పాత్రల మీద చిత్రాలు వేసే పని కెనడా ప్రభుత్వం ఆవిడకే ఇచ్చింది. 1875లో, అంటే పెళ్ళికి ముందే, తోబుట్టువు అమీలియాతో కలిసి ఊళ్ళో పనులు చేసుకుని బతికే ఆడపిల్లల కోసం ఒక సంఘం పెట్టారు. భోజనం, చదువుకోవడానికి గది, క్లాసులు. దానికో పత్రిక కూడా నడిపారు. డబ్బు? బొమ్మలు అమ్మగా వచ్చింది.

ఆ మరుసటి ఏడాది డాక్టర్ ఒలివర్ క్రామ్‌వెల్ ఎడ్వర్డ్స్‌తో పెళ్ళి. ముగ్గురు పిల్లలు. 1883లో భర్త ఉద్యోగం కోసం పశ్చిమాన ఇండియన్ హెడ్ అనే ఊరికి వెళ్ళారు. రైలు పట్టాలు అప్పుడే కొత్తగా పడిన మైదానం అది. తర్వాత కొన్నాళ్ళు ఒట్టావాలో ఉన్నారు. చివరికి, ఆయన బ్లడ్ రిజర్వుకి (కైనాయ్ అనే ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతం) ప్రభుత్వ డాక్టరు కావడంతో, కెనడా రాష్ట్రం అల్బర్టాలో దక్షిణాన ఉన్న ఫోర్ట్ మెక్లౌడ్ ప్రాంతానికి చేరారు.

ఇక్కడ కాస్త భూమి సంగతి చెప్పుకోవాలి. అది లేకపోతే ఓటు సంగతి అర్థం కాదు.

ఆ మైదానాల్లో పది డాలర్లు కడితే ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చేది. మగవాడికి. పెళ్ళయిన ఆడదానికి ఆ హక్కు లేదు. సరే, భర్త పేరున తీసుకున్నారు, ఇద్దరూ కలిసి చాకిరీ చేసి పొలం చేశారు అనుకుందాం. భర్త ఆస్తిలో భార్యకి పాత ఇంగ్లీషు చట్టం ఇచ్చిన కొద్దిపాటి వాటాని 1886లో అక్కడ రద్దు చేసేశారు. అంటే ఆయన ఓ రోజు భార్యకి మాటైనా చెప్పకుండా ఇల్లూ పొలమూ అమ్మేసి వెళ్ళిపోవచ్చు. ఆవిడ ఎవరికి చెప్పుకోవాలి? చట్టం చేసేవాళ్ళని ఎన్నుకునే ఓటే లేదు కదా.

హెన్రియెట్టా పట్టుకున్నది ఈ ముడినే. లా డిగ్రీ లేదు. చట్టాల పుస్తకాలు ముందేసుకుని, పెళ్ళి, ఆస్తి, పిల్లల మీద హక్కు, ఏ చట్టం ఏం చెబుతుందో తనే చదువుకుని రాశారు. 1908లో కెనడా స్త్రీల చట్టపరమైన స్థితి మీద ఆవిడ పుస్తకం వచ్చింది. జాతీయ మహిళా మండలికి చట్టాల విభాగం బాధ్యత దశాబ్దాల పాటు ఆవిడదే. ఊరేగింపులు, అరెస్టులు ఉంటే ఉద్యమం కనపడుతుంది. గుమస్తాలా కూర్చుని సెక్షన్లు రాసుకునే మనిషి మీద ఎవరు సినిమా తీస్తారు చెప్పండి?

1915లో భర్త పోయారు. 1916లో అల్బర్టా ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1917లో, భార్య రాతపూర్వక అంగీకారం లేకుండా కాపురం ఉంటున్న ఇంటిని, భూమిని అమ్మకూడదని చట్టం వచ్చింది. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

1918 నవంబరులో ఫ్లూ ఆవిడ కొడుకు విలియమ్‌ని తీసుకుపోయింది. యూనివర్సిటీలో ప్రొఫెసరు, రోగులకి సేవ చేస్తూ పోయాడు.

ఇక కేసు. సెనేట్‌లోకి, అంటే కెనడా పార్లమెంటు ఎగువసభలోకి, 'అర్హత గల వ్యక్తులను' తీసుకోవచ్చని 1867 రాజ్యాంగ చట్టం అంటుంది. ఆడవాళ్ళు ఆ మాట కిందికి రారన్నది సర్కారు వాదన. రాజ్యాంగం మీద సందేహం ఉంటే ఐదుగురు కలిసి అర్జీ పెట్టవచ్చని అప్పట్లో ఒక నిబంధన ఉండేది. 1927 ఆగస్టులో ఎమిలీ మర్ఫీ ఇంట్లో నెల్లీ మెక్‌క్లంగ్, లూయీజ్ మెకిన్నీ, ఐరీన్ పార్ల్బీలతో పాటు మన డాక్టరు గారి భార్యా సంతకం పెట్టారు. 1928లో కెనడా సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి వెళ్ళారు. మన జమీందారీ తగాదాలు మద్రాసు హైకోర్టు దాటి వెళ్ళిన కోర్టే అది. 1929 అక్టోబరు 18న లార్డ్ శాంకీ తీర్పు చెప్పారు: ఆడవాళ్ళూ 'వ్యక్తులే'. అప్పటికి ఆవిడకి ఎనభై నిండటానికి రెండు నెలలే తక్కువ.

1930లో మొదటి మహిళా సెనేటర్‌గా కెరీన్ విల్సన్ వెళ్ళారు. ఈ ఐదుగురిలో ఒక్కరికీ ఆ సీటు రాలేదు. 1931లో హెన్రియెట్టా పోయారు. 2004 యాభై డాలర్ల నోటు వెనక ఆ ఐదుగురి శిల్పాలు వేశారు. కెనడాలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఆ నోటు ఖర్చుపెట్టే ఉంటారు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. భర్త వైద్యం చేసిన ఆ బ్లడ్ రిజర్వులో కైనాయ్ ఆడవాళ్ళున్నారు. 1916 ఓటు వాళ్ళది కాదు. కాలం అలాంటిదని సర్దేద్దామంటే, వాళ్ళు ఎక్కడో దూరాన లేరు, ఆవిడకి ఇరుగుపొరుగే. ఆదివాసీ హోదా వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వాళ్ళకి 1960లో వచ్చింది. అల్బర్టా ఎన్నికల్లో అయితే 1965లో.