రొమ్ములో గడ్డ తగిలితే

అందరికీ నమస్కారం. ఇది ఆడవాళ్ళ విషయమని బయటే ఆగిపోకుండా లోపలికి వచ్చి కూర్చున్న మగవారికి ప్రత్యేకంగా నమస్కారం. ఒక స్త్రీ డాక్టరు దగ్గరకు ఎంత త్వరగా వెళుతుందన్నది, ఇంట్లో ఆమె ఈ మాట సిగ్గు లేకుండా చెప్పుకోగలదా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

గడ్డ చేతికి తగలగానే మనసు క్యాన్సర్ దగ్గరకే పోతుంది. కొందరు రాత్రంతా నిద్రపోక మర్నాడే పరుగెత్తుకు వస్తారు. మరికొందరు ఎవరికీ చెప్పరు. నా దిగులంతా ఈ రెండోవాళ్ళ గురించే. వాళ్ళకు ముందుగా ఒక నిజం చెప్పాలి: రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు.

15 నుంచి 35 ఏళ్ళ మధ్య ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా. నున్నగా, రబ్బరు ముక్కలా ఉంటుంది. వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. పాలగ్రంథులు, వాటి చుట్టూ ఉన్న పీచు కణజాలం ఒకచోట ఎక్కువగా పెరిగితే ఇది ఏర్పడుతుంది. హార్మోన్ల ప్రభావం వల్ల గర్భం దాల్చినప్పుడు పెరగవచ్చు, నెలసరి ఆగిపోయాక కుంచించుకుపోవచ్చు. పరీక్షల్లో ఇదేనని తేలితే కోసి తీయవలసిన అవసరం చాలామందికి రాదు. గడ్డ పెద్దదైనా, పెరుగుతూ పోతున్నా తీసేయమంటారు. ఎందుకంటే ఫిలోడిస్ అనే మరో రకం కణితి కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. అది త్వరగా పెరుగుతుంది, తీశాక మళ్ళీ రావచ్చు కూడా.

35 దాటాక, నెలసరి ఆగిపోయే వయసు వరకు, నీటితిత్తులు ఎక్కువ. ఇవి ఉన్నట్టుండి బయటపడతాయి, నెలసరికి ముందు నొప్పి పెడతాయి. లోపల ఉన్నది నీరేనని అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా తెలిస్తే వదిలేయవచ్చు. బాధ పెడితే సూదితో నీరు తీసేస్తారు. అసలు ఏ గడ్డా లేకపోయినా, నెలసరి ముందు రొమ్ములు బరువెక్కి ముడులు ముడులుగా తగలడం చాలామందికి అనుభవమే. అందుకే నెలసరి ముగిసిన కొద్ది రోజులకు మళ్ళీ చూసుకోమంటాం.

పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షనో, చీము పట్టడమో కావచ్చు. వెంటనే చూపించాలి. మందులు వాడినా ఎరుపు తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి ఆ మాట చెప్పాలి, ఎందుకంటే ఒక రకం క్యాన్సర్ కూడా అలాగే కనిపిస్తుంది. దెబ్బ తగిలిన చోట కొవ్వు దెబ్బతిని గట్టిపడటమూ ఉంది. కానీ గడ్డ కనిపించాక పాత దెబ్బ ఏదో గుర్తు తెచ్చుకుని, దాని వల్లే వచ్చిందిలే అని సరిపెట్టుకోవడం మంచిది కాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఒకటుంది: నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు.

ఒక నెలసరి గడిచాక కూడా గడ్డ అలాగే ఉంటే చూపించండి. గట్టిగా, అంచులు సరిగా తెలియకుండా, కదలకుండా ఉన్నా, చర్మం గుంట పడినా, నారింజ తొక్కలా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, మొన మీద మానని పుండు వచ్చినా, దాని నుంచి రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా ఆ నెల కూడా ఆగవద్దు. నెలసరి ఆగిపోయిన తరువాత వచ్చే కొత్త గడ్డ ఏదైనా సరే, వెంటనే పరీక్షించాలి. గర్భవతులు కాన్పు అయ్యేదాకా వాయిదా వేయనక్కరలేదు. అల్ట్రాసౌండ్ వల్ల బిడ్డకు హాని లేదు. మగవారూ, మీకు చనుమొన వెనక గట్టి గడ్డ తగిలితే ఇదే మాట మీకూ వర్తిస్తుంది. అరుదే అయినా, మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

డాక్టరు ముందు చేత్తో పరీక్షిస్తారు. తరువాత వయసును బట్టి అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), లేదా రెండూ తీయిస్తారు. అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే మాకు నిశ్చింత. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయంతో ఎందరో ఈ పరీక్షకు ఒప్పుకోరు. దయచేసి ఆ భయం వదిలేయండి. ఆ ముక్క చూడకుండా సరైన చికిత్స ఎంచుకోవడం సాధ్యం కాదు. అలాగే మామోగ్రామ్‌లో ఏమీ లేదని వచ్చినా, చేతికి గడ్డ తగులుతూనే ఉంటే విషయం అక్కడితో ముగిసినట్టు కాదు. కొన్ని క్యాన్సర్లు మామోగ్రామ్‌లో కనిపించవు.

క్యాన్సర్ కాదని తేలాక ఆ గడ్డ పేరేమిటో అడిగి రాయించుకోండి. కణాల్లో అసాధారణ మార్పులు ఉన్నాయని రిపోర్టులో రాసి ఉంటే, అది క్యాన్సర్ కాకపోయినా ముందుముందు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది కనుక, ఎన్నాళ్ళకోసారి రావాలో తెలుసుకోండి. పాత రిపోర్టులు, ఫిల్ములు పారేయకండి. గడ్డ పెరిగిందా లేదా అని తేల్చడానికి తరువాతి డాక్టరుకు అవే కావాలి.