పిలవని పేరంటం: డిజిరే రోజర్స్ వైట్‌హౌస్ ఉద్యోగం

వైట్‌హౌస్‌లో సోషల్ సెక్రటరీ ఉద్యోగం 1901 నుంచీ ఉంది. థియోడర్ రూజ్‌వెల్ట్ భార్య ఈడిత్ ఆ ఏడు బెల్ హాగ్నర్‌ని పెట్టుకున్నారు. ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎవరికి జవాబు రాయాలి అన్నవి చూడటం ఆమె పని. 2009 జనవరిలో అదే కుర్చీలోకి వచ్చిన డిజిరే రోజర్స్ అంతకుముందు నడిపినవి గ్యాస్ కంపెనీలు.

హార్వర్డ్‌లో 1985లో ఎంబీఏ, ఆ తర్వాత కొన్నేళ్ళకు ఇల్లినాయ్ రాష్ట్ర లాటరీకి డైరెక్టరు, 1997లో పీపుల్స్ ఎనర్జీ, 2004లో పీపుల్స్ గ్యాస్, నార్త్ షోర్ గ్యాస్ కంపెనీల అధ్యక్ష పదవి, 2008లో ఆల్‌స్టేట్ ఫైనాన్షియల్ అనే ఆర్థిక సేవల కంపెనీ. ఆ దారిలో వచ్చి, ఈ పదవి చేపట్టిన మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు.

కంపెనీ అనుభవం అక్కరకు వచ్చిన చోట్లున్నాయి. వైట్‌హౌస్ పచ్చికలో పిల్లల కోసం జరిపే ఈస్టర్ గుడ్ల పండుగ టికెట్ల కోసం జనం రాత్రంతా క్యూలో పడిగాపులు కాసేవాళ్ళు. 2009లో మొదటిసారి వాటిని ఆన్‌లైన్లో ఇచ్చారు. దూరపు రాష్ట్రాల వాళ్ళకీ అవకాశం దక్కింది. ఆ ఏడు జాజ్ కార్యక్రమంలో పగలు విద్యార్థులకు పాఠం, సాయంత్రం కచేరీ పెట్టారు. అయితే ఆ వసంతంలో ఒక పత్రికతో ‘ఒబామా బ్రాండ్’ అని మాట్లాడారు. కంపెనీ బోర్డు గదిలో మెప్పు తెచ్చే మాటే. ప్రజల సొమ్ముతో నడిచే ఇంట్లో మాత్రం అది చెవికి గుచ్చుకుంటుంది. విమర్శ అక్కడే మొదలైంది.

ఇక 2009 నవంబరు 24, మన్‌మోహన్ సింగ్‌కి ఇచ్చిన విందు. స్టేట్ డైనింగ్ రూములో దాదాపు 140 మందికే చోటు. పిలిచింది 300 పైచిలుకు. అందుకని దక్షిణపు పచ్చికలో డేరా వేశారు. డేరా అంటే నేల, దీపాలు, వెచ్చదనం, కరెంటు అన్నీ విడిగా అమర్చుకోవాలి. అతిథి శాకాహారి కాబట్టి వంటకు వచ్చిన మార్కస్ శామ్యూల్సన్ ఎర్ర కందిపప్పు సూప్, ఆలూ ఉండలు, శనగలతో బెండకాయ పెట్టారు. కావాలన్నవాళ్ళకి రొయ్యలు. ఖర్చు 5,72,187 డాలర్లని తర్వాత బయటికొచ్చింది.

ఇంత చేసీ గేటు దగ్గర పట్టుతప్పింది. పిలిచిన ప్రతివారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో ఒక్కొక్కరికీ ఉండే ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) ముందే తీసుకుని, అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ పరిశీలనకు పంపుతారు. గేటు దగ్గర అధికారి గుర్తింపు కార్డుని జాబితాతో సరిచూస్తాడు. కార్డు అసలుదో కాదో ఆయన చెప్పగలడు. ఈ మనిషిని నిజంగా పిలిచారా, పేరు టైపు చేయడంలో జారిపోయిందా, ఆఖరి క్షణంలో చేర్చారా అన్నది పిలిచిన ఆఫీసుకే తెలుస్తుంది. అందుకే సోషల్ ఆఫీసు మనిషొకరు జాబితా పట్టుకుని పక్కన నిలబడటం పాత అలవాటు. ఆ రాత్రి ఎవరూ నిలబడలేదు. రోజర్స్ అతిథిగా విందులో కూర్చున్నారు. జాబితాలో పేరు లేని దంపతులు వచ్చారు, భార్య ఎర్రటి భారతీయ దుస్తుల్లో. పైవాళ్ళని అడగకుండానే లోపలికి వదిలారు. మెటల్ డిటెక్టరు దాటారు, అధ్యక్షుడితో కరచాలనం చేశారు. వాళ్ళే ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న ఫొటోలతో గుట్టు రట్టయింది.

డిసెంబరు 3న అమెరికా కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) కమిటీ ముందు సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ మార్క్ సలివాన్ తప్పు తమదేనన్నారు. అధికారాల విభజన, అంటే చట్టసభ వేరు, అధ్యక్షుడి యంత్రాంగం వేరు అన్న సూత్రం పేరు చెప్పి వైట్‌హౌస్ రోజర్స్‌ని పంపలేదు. తప్పు ఒప్పుకున్నది భద్రతవాళ్ళయినా, ఇకపై తమ సిబ్బంది గేటు దగ్గర ఉంటారని వైట్‌హౌస్ ముందురోజే ప్రకటించింది. లోటు ఎక్కడుందో చెప్పడానికి ఆ ఒక్క ప్రకటన చాలు.

2010 ఫిబ్రవరిలో ఆమె రాజీనామా ప్రకటించారు. అదే ఏడాది జాన్సన్ పబ్లిషింగ్ అనే పత్రికల ప్రచురణ సంస్థకి సీఈఓ అయ్యారు. 2019లో భాగస్వామితో కలిసి ఫ్యాషన్ ఫెయిర్ అనే సౌందర్య సామగ్రి కంపెనీని కొన్నారు. వ్యాపారంలో ఆమె చేయి తిరిగిన మనిషి, అందులో అనుమానం లేదు.

గేటు లెక్క ఒకటి చూపించి ముగిస్తాను. 320 మంది గంటలో లోపలికి వెళ్ళాలనుకోండి. నిమిషానికి ఐదుగురి పైచిలుకు. ఒక్కొక్కరికి 30 సెకన్లు పడితే ఒక వరసలో నిమిషానికి ఇద్దరే కదులుతారు. అంటే కనీసం మూడు వరసలు కావాలి. పేరు దొరకని ఒక్కరి కోసం వరసలోనే నాలుగు నిమిషాలు వెతికితే వెనక ఎనిమిది మంది ఆగిపోతారు. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే అధికారి మొహమాటపడి వదిలేస్తాడు. అందుకని అలాంటివాళ్ళని వెంటనే వరసలోంచి తప్పించి పక్క బల్ల దగ్గరికి పంపాలి. అక్కడ కుర్చీ ఉండాలి, ఫోను ఉండాలి, తాజా జాబితా ఉండాలి. ‘మిమ్మల్ని పిలవలేదండీ’ అని మర్యాదగా చెప్పే అధికారమున్న మనిషీ ఉండాలి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే జాబితాలో రెండు ఇంటిపేర్ల మొదటి అక్షరాల కిందా వెతకాలి. ఆ బల్ల దగ్గరి మనిషికి విందులో కుర్చీ వేయకండి.