ఫ్యూయల్ సెల్ లోపల అతివృష్టి, అనావృష్టి

"ఫ్యూయల్ సెల్ సూత్రం 1839లోనే విలియం గ్రోవ్ చూపించేశాడుగా? హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే కరెంటు, నీళ్లు. ఇందులో ఒక ప్రొఫెసర్ ముప్పై ఏళ్లు కూర్చుని పరిశోధించడానికి ఏముంది?"

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ వాక్యంలో చివరన తేలిగ్గా అనేసిన "నీళ్లు" అనే మాట మీదే జీవితాలు గడిచిపోతాయి. ఎలాగో చూద్దాం.

[బొమ్మ: మధ్యలో పల్చటి పొర, రెండు వైపులా గట్లు]

కార్లలో వాడే పీఈఎమ్ (ప్రోటాన్ ఎక్స్ఛేంజ్ మెంబ్రేన్) రకం తీసుకుందాం. మధ్యలో ఉన్నది ప్రోటాన్లను దాటనిచ్చే పొర. నాఫియాన్ 211 అనే రకం పొర అయితే మందం దాదాపు 25 మైక్రాన్లు. దీన్నొక కాలువ అనుకోండి. ఇవతలి గట్టు ఆనోడ్, అవతలి గట్టు కాథోడ్. ఇవతలి గట్టున హైడ్రోజన్ ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. ప్రోటాన్ పడవెక్కి దాటుతుంది. ఎలక్ట్రాన్‌కి పడవలో చోటు లేదు, చుట్టుదారిన రావాల్సిందే. ఆ చుట్టుదారే మన తీగ, మోటారు ఉన్నది ఆ దారిలోనే.

పడవ కదలాలంటే కాలువలో నీళ్లుండాలి కదా. పొర తడిగా ఉంటేనే ప్రోటాన్ నడుస్తుంది. ఎండితే నిరోధకత పెరుగుతుంది, దానివల్ల వేడి పుడుతుంది, ఆ వేడికి పొర ఇంకా ఎండుతుంది. పదేపదే తడిసి ఆరుతూ ఉంటే ఉబ్బి, ముడుచుకుని, చివరికి సూది బెజ్జాలు పడతాయి. అప్పుడు హైడ్రోజన్ నేరుగా అవతలికి కారిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. దాటే ప్రోటాన్ ఊరికే దాటదు, వెంట నీటి అణువులనూ లాక్కుపోతుంది. కరెంటు పెంచేకొద్దీ ఇవతలి గట్టు ఎండిపోతూ ఉంటుంది, అవతలి గట్టున నీళ్లు పేరుకుంటాయి. పైగా ప్రోటాన్, ఎలక్ట్రాన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి కొత్త నీళ్లు పుట్టేదీ అక్కడే: 100 ఆంపియర్లు నడిస్తే ఒక్కో సెల్‌లో గంటకు సుమారు 34 గ్రాములు. అంటే ఒకే సెల్‌లో, ఒకే క్షణంలో, ఒక గట్టున అనావృష్టి, ఇంకో గట్టున అతివృష్టి!

[బొమ్మ: ఛానెల్‌లో నీటి చుక్క, పక్కన వోల్టేజ్ గ్రాఫ్]

అవతలి గట్టున వరదొస్తే ఆక్సిజన్‌కి దారి మూసుకుపోతుంది. అందుకే అక్కడ గాలిని లోపలికి పోనిచ్చే కార్బన్ పేపర్‌కి నీరు అంటకుండా టెఫ్లాన్ పట్టిస్తారు. అయినా 1 మిల్లీమీటరు వెడల్పున్న ఛానెల్‌లో, అంటే గాలి పారే సన్నటి గాడిలో, ఒక్క చుక్క అడ్డం పడితే చాలు. వోల్టేజ్ మెల్లగా జారుతుంది, గాలి ఒత్తిడికి చుక్క ఎగిరిపోగానే టక్కున పైకి లేస్తుంది, మళ్లీ జారుతుంది. గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తే అది చాలావరకు వరదే.

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. పొర ఎండినా వోల్టేజ్ పడిపోతుంది, వరదొచ్చినా పడిపోతుంది. వోల్టేజ్ ఒక్కటే చూసి తేమ పెంచితే, మునిగిన సెల్‌ని ఇంకా ముంచినట్టే. రెండు కొలతలు తీసుకోండి: 1 కిలోహెర్ట్జ్ దగ్గర నిరోధకత, కాథోడ్ గాలి లోపలికెళ్లే చోటికీ బయటికొచ్చే చోటికీ మధ్య పీడన తేడా. నిరోధకత పెరిగితే పొర ఎండుతోంది, లోపలికెళ్లే గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ ఉష్ణోగ్రత పెంచండి. నిరోధకత కదలకుండా పీడన తేడా పెరిగితే వరద. అప్పుడు గాలిని అవసరానికి 2 రెట్ల నుంచి 2.5 రెట్లకు పెంచండి, లేదా సెల్‌ని కొద్ది డిగ్రీలు వేడెక్కనివ్వండి. ఎక్కువసేపు అలాగే వదిలేస్తే మాత్రం ఇవతలి గట్టు ఎండుతుంది. నిరోధకత చూపించకుండా వోల్టేజ్–కరెంటు గ్రాఫ్ ఒక్కటే ఇచ్చే పరిశోధన పత్రం నా దృష్టిలో సగం కబురే.

కొందరు పొర మీద, కొందరు ఆ కార్బన్ పేపర్ మీద, కొందరు ఛానెల్ వంపుల మీదే ఉద్యోగ జీవితమంతా పెట్టడానికి కారణం ఇదే. ఒకచోట నీళ్లు సర్దితే ఇంకోచోట చెడుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు రావాలి, లోడ్ మీద వచ్చేది 0.65–0.7. ఆ నష్టంలో పెద్ద వాటా ఆక్సిజన్ చర్య నత్తనడకది, ఆ చర్యను వేగం చేసే ప్లాటినం అంత అవసరం అందుకే. కార్బన్ మోనాక్సైడ్ ఆ ప్లాటినాన్ని పట్టుకుని వదలదు, కార్లకు వాడే హైడ్రోజన్‌లో పరిమితి పది లక్షలకు 0.2 వంతులే. ఏ సెల్‌కైనా హైడ్రోజన్ అందకపోతే దాని వోల్టేజ్ తిరగబడి, లోపలి కార్బన్‌ని తినేస్తుంది. కాబట్టి స్టాక్ (వరసగా పేర్చిన సెల్స్ కట్ట) మొత్తం వోల్టేజ్ చూస్తే సరిపోదు, సెల్ సెల్‌కీ చూడాలి.

చివరగా, గడ్డకట్టే చలిలో వాడే స్టాక్ సంగతి. ఆపేటప్పుడు నీళ్లు లోపలే ఉండిపోతే మంచు కట్టి గాలి దారులు మూసుకుపోతాయి. లోడ్ తీసేశాక పొడి గాలి ఊదండి, నిరోధకత మీద కన్నేసి ఉంచండి. అది కాస్త పైకి లేవడం మొదలవగానే ఆపేయండి. ఇంకా ఊదితే కాలువే ఎండిపోతుంది.