లెక్కలోకి రాని హిందూపురం పెద్దాయన

అందరికీ నమస్కారం. ఇందాక పరిచయంలో నన్ను డాక్టరమ్మ అన్నారు. కాదండీ, నేను డాక్టర్ల రాత చదివే మనిషిని. ఇరవై ఏళ్లకు పైగా బెంగళూరు ఆసుపత్రుల మెడికల్ రికార్డుల గదుల్లో కూర్చుని, క్యాన్సర్ కేస్ షీట్లలోంచి వివరాలు తీసి రిజిస్ట్రీ, అంటే జబ్బు వచ్చినవాళ్ల చిట్టా, దాని ఫారంలోకి ఎక్కించాను. మాది మదనపల్లె. అందుకని తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా నా బల్ల మీదికే తోసేవాళ్లు. ఇవాళ ప్రోస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథికి వచ్చే క్యాన్సర్, గురించి ఆ ఫైళ్ల వైపు నుంచే మాట్లాడతాను.

ఒక ఫైలు చెబుతాను, పేరూ ఊరూ మార్చి. హిందూపురం పక్క పల్లె. డెబ్బై దాటిన పెద్దాయన. రాత్రి నాలుగైదు సార్లు ఒంటేలుకు లేవడం మొదలై రెండేళ్లయింది. ముసలితనం కదా అనుకున్నారు. నడుము పట్టేస్తే తైలం రాశారు. చివరికి పీఎస్ఏ అనే రక్తపరీక్ష హిందూపురంలో, ముక్క తీసి చూసే బయాప్సీ బెంగళూరులో, హార్మోన్ ఇంజెక్షన్ అనంతపురంలో. ఒకచోట వెంకటరమణ, ఇక్కడ వెంకటరమణప్ప, ఇంకోచోట వి. రమణ. వయసు ఒక కాగితంలో 68, ఇంకో కాగితంలో 74. ఈ ముగ్గురూ ఒక్కరే అని తేల్చడానికి నాకు ఒక పూట పట్టింది. అది కూడా కొడుకు ఫోన్ నంబరు మూడు చోట్లా ఒకటే కాబట్టి.

తేల్చాక ఏమైంది? ఆయన బెంగళూరు లెక్కలోకి రారు.

ఎందుకో చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్లు 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టారు. బొంబాయి, మద్రాసులతో పాటు బెంగళూరు కూడా ఆ మొదటి జనాభా రిజిస్ట్రీల్లో ఒకటి. ఇక్కడ కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో, మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పని నడుస్తోంది. దేశం లెక్కలన్నీ చేరే కేంద్రం కూడా మన బెంగళూరులోనే, దేవనహళ్లి వైపు ఉంది. కానీ జనాభా రిజిస్ట్రీ అడిగేది ఒక్కటే: ఈ ఊళ్లో కాపురం ఉండేవాళ్లలో ఎంతమందికి క్యాన్సర్ వస్తోంది? కనీసం ఏడాదిగా ఇక్కడ ఉంటేనే పేరు ఎక్కుతుంది. ఆ నియమం సరైనదే. లేకపోతే పక్క రాష్ట్రాల జబ్బంతా బెంగళూరు ఖాతాలో పడుతుంది. ఆసుపత్రి రిజిస్ట్రీ అని ఇంకోటి ఉంది, బయటి ఊళ్లవాళ్లను అందులో రాస్తారు. అయితే పెద్దాయన అనంతపురం బస్సెక్కాక ఏమైందో అందులోకి రావాలంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. కొన్నిసార్లు ఆ ఫోన్ నేనే చేశాను. అప్పు వసూలుకు చేస్తున్నామనుకుని పెట్టేసేవాళ్లు.

మరి వైద్యం సరిగ్గా జరిగిందా అని అడిగే రిజిస్ట్రీ ఎలా ఉంటుంది? స్వీడన్ సంగతి చెబుతాను. అక్కడ ప్రోస్టేట్ క్యాన్సర్‌కే ఒక జాతీయ రిజిస్ట్రీ 1998 నుంచి దేశమంతా నడుస్తోంది. ఆ జబ్బు బయటపడ్డ వందమందిలో దాదాపు 98 మంది అందులో ఉంటారు. పీఎస్ఏ ఎంత, జబ్బు ఎంత ఉధృతమో చెప్పే గ్లీసన్ స్కోరు ఎంత, ఏ చికిత్స ఇచ్చారు, ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది, అన్నీ రాస్తారు. ఏ ఆసుపత్రి ఎలా చేస్తోందో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు రత్తెన్, అంటే స్టీరింగ్.

చూస్తే ఏమవుతుందని అనుకుంటారేమో. జబ్బు ముదరని, ప్రమాదం తక్కువున్నవాళ్లకు ఎముకల స్కాన్ దాదాపు అక్కర్లేదు. అయినా 1998లో అలాంటివాళ్లలో నూటికి 45 మందికి ఎముకలకో, మరోదానికో స్కాన్ తీసేవాళ్లు. రిజిస్ట్రీవాళ్లు ఎవరు ఎంత తీస్తున్నారో లెక్క కట్టి డాక్టర్ల ముందే పెట్టారు. 2009కి అది మూడుకు దిగింది. ప్రమాదం మరీ తక్కువున్నవాళ్లను కోయకుండా, రేడియేషన్ కరెంటు పెట్టకుండా, పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం 2009లో నూటికి 57 మందికి జరిగితే, 2014లో 91 మందికి జరిగింది.

ఇక్కడ చాలామంది చప్పట్లు కొట్టి ఆపేస్తారు. నేను ఆపను. స్కాన్ తప్పకుండా కావాల్సిన, ప్రమాదం ఎక్కువున్నవాళ్లలో కూడా అది 63 నుంచి 47కి పడింది. తగ్గించండి అంటే అందరికీ తగ్గించేశారు. అది కూడా ఆ రిజిస్ట్రీ లెక్కల్లోనే బయటపడింది. అందుకే దాని మీద నాకు గౌరవం.

స్వీడన్ ఫారం తెచ్చి మన దగ్గర అంటిస్తే చాలదు. వాళ్ల బాధ అవసరానికి మించి వైద్యం చేయడం. నా బల్ల మీదికి వచ్చిన మనవాళ్ల ఫైళ్లలో చాలా వాటిలో జబ్బు ఎముకలకు పాకిన తర్వాతే పేరు పెట్టారు. మూడు నెలలకొకసారి వేయాల్సిన హార్మోన్ ఇంజెక్షన్ రెండోసారికి ఆగిపోతుంది. డబ్బు లేకో, పంట కోతల వేళ అనో, నొప్పి తగ్గింది కదా అనో. నన్నడిగితే మన రిజిస్ట్రీలో మొదటి గడి ఇది: తర్వాతి ఇంజెక్షన్ ఏ తేదీకి, పడిందా లేదా? పడకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు వెళ్లాలి. వెళ్లకపోతే నాలాంటివాళ్లు పెంచే కాగితాల కుప్పే మిగులుతుంది.

ఇంకోటి, ఆపరేషన్ తర్వాత అడిగే ప్రశ్నలు. ఇంగ్లీషు ఫారంలో "రోజుకు ఎన్ని ప్యాడ్లు వాడుతున్నారు" అని ఉంటుంది. నేను తెలుగులో చదివి వినిపిస్తే ఒకాయన "ఒక్కటీ లేదమ్మా" అన్నారు. సున్నా రాశాను. మూత్రం కారడం లేదని అర్థం. ఆయన లేచి వెళ్తుంటే భార్య వెనక ఆగి, "పాత పంచె చింపి మడతలు పెట్టి ఇస్తున్నా, రోజుకు ఆరు ఉతుకుతున్నా" అని చెవిలో చెప్పింది. సున్నా కొట్టేసి ఆరు రాశాను. ఆ గదిలోనే అంతకుముందు నేను రాసిన సున్నాలు ఎన్ని తప్పో ఆలోచించి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పంచె గుడ్డ అనే మాట ఆ ప్రశ్నలో ఉండాలి. అడిగేది ఆడమనిషైతే మగవాళ్లు దాస్తారు, ఇల్లాలిని విడిగా అడగాలి. మంచం సంగతి అడగాలన్నా ఇదే తంటా.

పేర్లు కలపడానికి ఆభా అనే ఆరోగ్య గుర్తింపు నంబరు వచ్చింది, నా ఒక పూట పని ఒక నిమిషంలో అవుతుంది. జబ్బు సంగతి బయటికి పొక్కుతుందనే భయం మీకుంటే అది న్యాయమే. మీ సమ్మతి లేకుండా తీసుకోకూడదు. ఎవరు చూస్తారో ముందే అడగండి.

మీరు చేయగలిగింది చిన్నది. ఏ ఊళ్లో చూపించుకున్నా ఒకే పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో రాయించండి. బయాప్సీ రిపోర్టు అసలు ప్రతి ఎవరికీ ఇచ్చేయకండి, జిరాక్స్ ఇవ్వండి. రిజిస్ట్రీ నుంచి అంటూ ఫోన్ వస్తే ఏ ఆసుపత్రి తరఫున అని అడిగి, ఆసుపత్రికి తిరిగి ఫోన్ చేసి నిజమని తేలాక జవాబు చెప్పండి. ఓటీపీ అడిగితే మాత్రం పెట్టేయండి, మేం ఎన్నడూ ఓటీపీ అడగం.

ఫైళ్లు తెచ్చుకున్నవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. టీ దగ్గర కూర్చుందాం, ఏ కాగితం ఏమిటో వరసగా పెట్టిస్తాను. మందు మాత్రం నన్నడగకండి.