హే బే మందిరం: ఒక చందా కాగితం కథ

అందరికీ వందనాలు.

మనం ఉంటున్న ఈ ఒంటారియోలోనే, నాపనీ పట్టణానికి దక్షిణాన హే బే అని ఒక నీటి పాయ ఉంది. క్వింటే అఖాతం నుంచి పొలాల మధ్యకు చొచ్చుకొచ్చిన పాయ అది. దాని ఒడ్డున ఒక చెక్క మందిరం ఉంది. గోపురం లేదు, గంట స్తంభం లేదు. దూరం నుంచి చూస్తే ఎవరో రైతు కట్టుకున్న పెద్ద ఇల్లేమో అనిపిస్తుంది. 1792లో కట్టారు. అప్పట్లో అప్పర్ కెనడా అనేవారు కదా, ఆ ప్రాంతంలో మెథడిస్టులు అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖవాళ్ళు కట్టిన మొదటి మందిరం ఇదే.

ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ కట్టడం గురించి కాదు, దాని వెనక ఉన్న చందా కాగితం గురించి. 1792 ఫిబ్రవరిలో రాసిన ఆ కాగితం మీద 22 మంది పేర్లున్నాయి. అందరూ కలిసి 108 పౌండ్లు ఇస్తామని ఒప్పుకున్నారు. అందరికంటే ఎక్కువ రాసింది కాన్రాడ్ వాన్ డ్యూసెన్, 15 పౌండ్లు. ఎలిజబెత్ రోబ్లిన్ అనే ఆమె 12 పౌండ్లు రాసింది. ఆమె అప్పటికే భర్తను పోగొట్టుకుంది, పిల్లల తల్లి. పొలం పనంతా తన మీదే పడిన ఆ తల్లి, అంతమంది మగవాళ్ళ పేర్ల మధ్య తన పేరు రాయించింది. ఆ పేరు దగ్గర నా కళ్ళు ఎప్పుడూ ఆగిపోతాయి.

ఇంతకీ వీళ్ళెవరు? అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ రాజు పక్షాన నిలిచి, ఓడిపోయి, ఉన్న ఊరు వదులుకుని వచ్చినవాళ్ళు. 1784 జూన్‌లో పీటర్ వాన్ ఆల్‌స్టైన్ వెంట పడవల్లో వచ్చి అడోల్ఫస్‌టౌన్ దగ్గర దిగారు. అడవి కొట్టుకుని బతకాలి. మొదట్లో ప్రభుత్వం రేషన్ ఇచ్చింది, తర్వాత ఆపేసింది. ఆపైన పంటలు పోయాయి. 1788, 89 ప్రాంతాన్ని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ 'ఆకలి ఏడాది' అనే చెప్పుకుంటారు. ఆ ఆకలి తీరి మూడేళ్ళు గడిచాయో లేదో, వాళ్ళు ఈ కాగితం మీద పేర్లు రాశారు. 108 పౌండ్లంటే ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది.

వీళ్ళ దగ్గరకు వచ్చిన మెథడిస్టు బోధకుడి పేరు విలియం లూసీ. న్యూయార్క్ వైపు నుంచి 1790లో గుర్రం మీద వచ్చాడు. ఆయనకు ఒక చెయ్యి పనిచేయదు. ఒంటి చేత్తో కళ్ళెం పట్టుకుని, రోడ్లు లేని చోట ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనలు పెట్టాడు. ఈయనను మాకే పంపండి అని ఊళ్ళవాళ్ళు అడిగితే, మరుసటి ఏడాది మళ్ళీ వచ్చాడు. పాల్ హఫ్ అనే రైతు ఇంట్లో మొదటి క్లాస్ పెట్టారు. క్లాస్ అంటే పదీ పన్నెండు మంది వారం వారం కూడి ఒకరి మంచిచెడ్డలు ఒకరు కనుక్కోవడం. మందిరం కూడా హఫ్ పొలంలోనే లేచింది. 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, పైన మూడు వైపులా కూర్చోవడానికి గ్యాలరీ.

చందా ఇచ్చినవాళ్ళలో ఆండ్రూ ఎంబ్యూరీ ఉన్నాడు. న్యూయార్క్‌లో 1766లో బార్బరా హెక్ అనే ఆమె గట్టిగా పట్టుబడితే బోధించడం మొదలుపెట్టిన ఫిలిప్ ఎంబ్యూరీ కుటుంబమే అది. వాళ్ళ పూర్వీకులు జర్మనీ నుంచి ఐర్లాండ్‌కు శరణార్థులుగా పోయారు, అక్కడి నుంచి న్యూయార్క్, అక్కడి నుంచి ఇక్కడికి. మూడు నాలుగు తరాల్లో మూడు సార్లు ఇల్లు మారినవాళ్ళకు ఒక మందిరం ఎందుకు కావాలో మనలాంటి వలస వచ్చినవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ నేల ఖాళీగా లేదు. ఇది మిసిసాగా ప్రజలది. మనలో చాలామంది ఇళ్ళు కొనుక్కున్న మిసిసాగా ఊరికి ఉన్న పేరు వాళ్ళదే. 1783లో తుపాకులు, గుడ్డలు లాంటివి ఇచ్చి ఆ నేలను బ్రిటిష్‌వాళ్ళు తీసుకున్నారు. దానికి సరైన దస్తావేజు కూడా లేదు. 108 పౌండ్ల చందాకు పేరుపేరునా లెక్క ఉంది, ఇంత నేలకు లేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

చట్టం ముందు ఈ మెథడిస్టులనూ చిన్నచూపే చూశారు. వాళ్ళ బోధకుడు చేసిన పెళ్ళి చెల్లదు. ఆ హక్కు 1831లో గానీ రాలేదు. అంటే మందిరం కట్టుకున్న దాదాపు నలభై ఏళ్ళ దాకా, అందులో బాప్తిస్మం తీసుకున్న పిల్ల పెళ్ళికి వేరే సంఘం పాదిరిని వెతుక్కోవాల్సిందే.

1819 ఆగస్టులో 18 మంది యువతీయువకులు అవతలి ఒడ్డు నుంచి కూటానికి ఒక పడవలో బయలుదేరారు. పడవలోకి నీళ్ళు వచ్చాయి. ఒడ్డు దగ్గరపడుతుండగా మునిగింది. పది మంది చనిపోయారు. కూటంలో ఉన్నవాళ్ళు వినాల్సి వచ్చింది పాటలు కాదు, కేకలు.

1835లో మందిరాన్ని పెద్దది చేశారు. తర్వాత ఊళ్ళు పెరిగి, వేరే మందిరాలు లేచి, 1860ల ప్రాంతంలో ఇక్కడ ఆరాధన ఆగిపోయింది. ఒక రైతు చేతికి పోయి ధాన్యం, సామాన్లు పెట్టుకునే కొట్టంగా మిగిలింది. కొట్టంగా వాడారు కాబట్టే పైకప్పు బాగు చేస్తూ వచ్చారేమో, కూలిపోకుండా నిలిచిందేమో అని నాకనిపిస్తుంది. 1910లో మెథడిస్టు సంఘం మళ్ళీ కొని బాగు చేయించింది. 1925లో కెనడా మెథడిస్టులు యునైటెడ్ చర్చిలో కలిశారు. మెదక్ చర్చి కట్టిన వెస్లియన్ మెథడిస్టు సంఘం కూడా 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) అలాగే కలిసింది.

ఇప్పుడు అక్కడ ఏటా ఆగస్టులో ఒక ఆరాధన జరుగుతుంది. వచ్చే ఆగస్టుకు మనం కూడా పిల్లల్ని తీసుకుని వెళ్దామని నా కోరిక. లోపల కూర్చున్నాక ఎలిజబెత్ రోబ్లిన్ పేరు వాళ్ళకు ఒకసారి పైకి చదివి వినిపించండి.