ఏటి ఒడ్డున టెంటు యాడ వేసుకోవాల?

నమస్కారం. మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేసినాడు, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని వాడిది. మామా, ఈ శనివారం నలుగురు ఫ్రెండ్సు వస్తాండారు, పెన్న ఒడ్డున టెంటు వేసుకొని ఒక రాత్రి పడుకోవాలనుకుంటాండాం, మంచి స్పాట్ ఒకటి చెప్పు అన్నాడు. మంచి స్పాట్ అంటే ఎట్లుండాల్రా అని అడిగితే, నీళ్ళ పక్కనే ఉండాల, మెత్తటి ఇసుకుండాల, చుట్టూ కొండలుండాల, మనిషి పొడ కనపడకూడదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, పగలు కూర్చొని పులిహోర తినేదానికైతే ఇంతకంటే మంచి చోటు ఉండదు, రాత్రి పండుకునేదానికి మాత్రం వాడు అడిగిన నాలుగూ మనకు ఎదురు తిరిగేటివే. వాడికి అరగంట చెప్పినా, అదే ఈరోజు మీకూ చెప్తాండా.

మన సీమలో ఏటిని చూసి ఎవురూ భయపడరు. భయపడేదానికి అందులో నీళ్ళుంటే కదా. పాపఘ్ని గానీ చిత్రావతి గానీ చెయ్యేరు గానీ, సంవత్సరంలో ముక్కాలు భాగం ఇసుకే, చెలమ తవ్వుకుంటే నీళ్ళు. అందుకే మన దగ్గర 'ఏరొచ్చింది' అంటారు. కోనసీమోళ్ళకు ఆ మాట అర్థం గాదు, వాళ్ళకు ఏరు ఎప్పుడూ ఇంట్లో మనిషి మాదిరి ఉంటాది, మనకు చుట్టం మాదిరి వస్తాది పోతాది. వచ్చేటప్పుడు చెప్పి రాదు, అర్ధరాత్రి అని కూడా చూడదు.

పద్దెనిమిదేండ్ల కిందట మేము ఐదుమందిమి వేంపల్లె దగ్గర గండికి పోయినాం. పాపఘ్ని రెండు కొండల్ని చీల్చుకొని బయటపడే చోటు అది, వీరాంజనేయస్వామి గుడి ఉండాది, శ్రావణమాసం శనివారాల్లో అడుగు పెట్టేదానికి సందుండదు. మేము పోయింది అక్టోబరులో, జనం లేరు. దర్శనం చేసుకొని, ఏట్లోనే కొంచెం పైకి నడిచి, తెల్లటి ఇసుక దిబ్బ మీద టెంటు కొట్టినాం, పక్కన మోకాలు లోతు మడుగు, అబ్బ ఎంత బాగుండిందో. సాయంత్రం గొర్రెలు తోలుకొని పోతా ఒక పెద్దాయన నిలబడి, ఈడ పండుకుంటారా సామీ అని అడిగినాడు. ఔ తాతా అన్నాం. ఆయన ఇంకేం మాట్లాడకుండా చేతిలో కట్టెతో గట్టున ఉండే కంపచెట్టును చూపించినాడు. దాని కొమ్మల్లో, నా రొమ్ము ఎత్తున, ఎండిన గడ్డి, ఒక పాత చీర పేలిక, ప్లాస్టిక్ కవర్లు చిక్కుకోనుండాయి. అవి గాలికి ఎగిరొచ్చినేటివి గాదు నాయనా అన్నాడు, అంతే, గొర్రెల ఎనకాల పోయినాడు.

మాకు ఒప్పలేదు. వండుకున్న గిన్నెలు, పరుపులు అన్నీ ఎత్తుకొని గట్టెక్కాలంటే ఎవురికి బుద్ధవుతాది? మా బావ తిట్టుకుంటానే ఎక్కినాడు. రాత్రి ఆకాశం నిండా చుక్కలు, చినుకు లేదు. రెండున్నర అప్పుడు దూరంగా లారీ గేరు మార్చినట్టు ఒక శబ్దం, ఆ కొండల్లో ఆ టైమ్‌లో లారీ ఎందుకొస్తాది అని టార్చి వేసి చూస్తే, ముందు నురగ, దాని మీద ఎండుటాకులు, కట్టెపుల్లలు, ఎనకాల ఎర్రనీళ్ళు. మేము టెంటు కొట్టిన దిబ్బ పది నిమిషాలు గూడా నిలబడలేదు. పైన యాడో కొండల్లో పడిన వాన అది, మా మీద ఒక్క చుక్క పడలేదు. వానరాకడ ప్రాణంపోకడ ఎవురికెరుక అంటారు గానీ, వాన రాకుండానే ఏరొస్తాదని నాకు ఆ రాత్రి తెలిసింది. పొద్దున చూసుకుంటే బావ చెప్పులు లేవు, కిందనే మర్చిపోయినాడంట.

అందుకని నేను యాడికి పోయినా ముందు నీళ్ళ దిక్కు చూడను, చెట్ల దిక్కు చూస్తా. కొమ్మల్లో చెత్త ఎంత ఎత్తున చిక్కుకుంది, గట్టు మీద ఒండ్రు మట్టి యాడి దాకా పూసుకుంది, బండల మీద నీళ్ళు నిలబడిన మరక యాడుంది, తుంగ జమ్ము ఒకే దిక్కుకు వాలిపోయి ఉండాయా, ఇవన్నీ ఏరు తన సరిహద్దు తనే గీసుకున్న గీతలు. ఆ గీత మీద ఇంకో రెండు మనుషుల ఎత్తు ఎక్కి పండుకోవాల. ఊరోళ్ళ గుళ్ళు, పాత మంటపాలు, పెద్ద చింతమాన్లు యాడుండాయో చూస్తే గూడా తెలుస్తాది, పెద్దలు ఊరికే కట్టలేదు అంత ఎత్తున. అట్లని గుడి ఉంది కదా అని నమ్మేదానికీ లేదులే, 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి పూట, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట దిక్కు ఊర్లకు ఊర్లే కొట్టకపోయినాయి, శివుని గుళ్ళో దీపాలు పెట్టేదానికి పోయినోళ్ళు గూడా పోయినారు. కర్నూలోళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి, ఆ మరకలు శానా ఇండ్ల గోడల మీద ఏండ్ల తరబడి ఉండినాయి. మన ఏర్లకు పైన అన్నీ చెరువులే, ఒక చెరువు కట్ట తెగితే కింద చెరువు ఆగదు, అది తెగితే ఇంకోటి, ఇట్ల వరస పెట్టి వస్తాది నీళ్ళు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని మూడూ కర్ణాటకలో నందికొండల దిక్కు పుట్టి వచ్చేటివి, కాబట్టి ఆడ వాతావరణం ఎట్లుందో చూసుకోకుండా ఈడ ఎండ కొడ్తాంది కదా అనుకుంటే తప్పు. కడప దిక్కు అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవనాల కాలం, అల్పపీడనం అని వార్తల్లో మాట వినపడితే ఏటి ట్రిప్పు మానుకొని ఇంట్లో బజ్జీలు చేసుకోండి.

ఇంక వాడడిగిన మెత్తటి ఇసుక. చూసేదానికి పరుపు మాదిరి ఉంటాది, నిజమే. కానీ ఇసుక తవ్వి తోలుకపోయిన గుంతలు ఉంటాయి, వానకు వాటిలో నీళ్ళు నిండితే పైన చూసేదానికి మోకాలు లోతు అనిపిస్తాది, కాలు పెడితే మనిషి మునుగుతాడు, ప్రతి సంవత్సరం ఈతకు దిగిన పిల్లోళ్ళు ఇట్లనే పోతాండారు, పేపర్లో చదివి అయ్యో అంటాం. ముందు పొడవాటి కట్టె వేసి చూడకుండా దిగేది లేదు. కారు గూడా ఇసుకలోకి దించద్దు. దించితే చక్రం కూరుకపోతాది, ట్రాక్టర్ కోసం ఊర్లోకి పోవాల. గట్టు మీద, ముందు భాగం ఊరి దిక్కుకు తిప్పి పెట్టుకోండి, రాత్రి ఏదన్నా అయితే రివర్స్ చేసుకుంటా కూర్చునే టైమ్ ఉండదు. సంగమేశ్వరం దగ్గర ఇసుక గూడా కాదు, శ్రీశైలం నీళ్ళు ఎండాకాలం తగ్గితే గుడి బయటపడ్తాది కదా, చూసేదానికి జనం పోతారు, ఆడ ఎండి పగిలిన ఒండ్రు పైన గట్టిగా ఉండి కింద బురద ఉంటాది. ఆడ రాత్రి పండుకునే ఆలోచన నాకైతే ఎప్పుడూ రాలేదు.

కొండలు గావాలన్నాడు కదా, అందరూ పొయ్యేది గండికోటకే. జమ్మలమడుగు నుంచి పదైదు కిలోమీటర్లు, ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటా పోయిన లోయ. ఆడ నీళ్ళ ఒడ్డున గాదు, నీళ్ళకు బాగా ఎత్తున, బండ అంచున టెంట్లు వేస్తారు. వరద భయం లేదు, కాబట్టి నాకు ఇష్టమే, కానీ ఆడి కష్టాలు వేరే. ఆ బండను భూగర్భ శాస్త్రం వాళ్ళు గండికోట క్వార్ట్‌జైట్ అంటారు, ఇనుము మాదిరి ఉంటాది, టెంటు మేకు ఒక్క అంగుళం దిగదు. తాడు ఎక్కువ తీసుకపోయి పెద్ద రాళ్ళకు చుట్టి కట్టుకోవాల, ఎందుకంటే రాత్రి లోయలో నుంచి గాలి పైకి కొడ్తాది, నా కండ్ల ముందర ఒక టెంటు మనిషి లేకుండా దొర్లుకుంటా పోయింది. అంచుకు కనీసం ముప్పై అడుగులన్నా ఎనక్కి ఉండాల, కంచె గించె ఏమీ ఉండదు, నిద్రమత్తులో బయటికొచ్చిన మనిషికి ఏ దిక్కు ఏముందో తెలియదు. ఆడ టెంట్లు బాడుగకు ఇచ్చే పిల్లోళ్ళు ఉంటారు, ఫొటో బాగా రావాలని అంచు దగ్గర వేస్తామంటారు, వద్దని చెప్పండి. లోయలోకి దిగి నీళ్ళ పక్కన పండుకుందాం అనే వాళ్ళుంటారు, ఎగువన గండికోట రిజర్వాయరు ఉండాది, 26.85 టీఎంసీల కట్ట, దిగువన మైలవరం రిజర్వాయరు, మధ్యలో నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో ఎప్పుడు తగ్గుతాయో గేట్ల చేతిలో ఉంటాది, మన చేతిలో ఉండదు. ఫోన్ సిగ్నల్ గూడా లోయలో పనిచెయ్యదు.

కొండ కింద పండుకునే చోట తల పైకెత్తి ఒకసారి చూడండి. బండకు పెద్ద తేనెపట్టు వేలాడ్తాంటే ఆడ పొయ్యి పెట్టద్దు, పొగ తగిలిందంటే తేనెటీగలు ఊరికే వదలవు. కింద కొత్తగా పగిలి పడిన రాళ్ళున్నా ఆడ వద్దు. ఇంకో సంగతి, డిసెంబరు జనవరిలో చల్లగాలి కిందికి దిగి ఏటి గర్భంలో కూర్చుంటాది, నీళ్ళ పక్కన పండుకున్నోడు తెల్లారేసరికి మంచుకు తడిసి వణుకుతాంటాడు, గట్టెక్కి పండుకున్నోడు హాయిగా గురక పెడ్తాంటాడు. దోమల సంగతీ అంతే. మార్చి తర్వాత నేను యాడికీ రాను, బండ పగలంతా కాగి రాత్రంతా సెగ కక్కుతాది, బోదగడ్డి ఎండిపోయి ఉంటాది, నిప్పురవ్వ పడితే కొండ కొండే అంటుకుంటాది.

పాముల గురించి అడగకుండా ఎవురూ ఉండరు. కట్లపాము రాత్రిపూట తిరుగుతాది, నేల మీద పండుకున్నోళ్ళను కరుస్తాది, నొప్పి గూడా శానా సార్లు తెలియదు. కాబట్టి ఉత్త చాప వేసుకొని చుక్కలు చూస్తా పండుకుంటాం అనేది మానుకొని, కింద గుడ్డ కుట్టిన టెంటులో జిప్పు వేసుకొని పండుకోండి, పొద్దున చెప్పులు దులిపి వేసుకోండి. రాళ్ళ కుప్పలు, ఎండుకట్టెల మోపుల పక్కన వద్దు. కరిస్తే కొయ్యడం, గట్టిగా తాడు బిగించడం, మంత్రం, ఇవేవీ వద్దు, కదపకుండా పండుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాల. అందుకే చోటు చూసుకునేటప్పుడే ఏ మండలం, ఏ ఊరు, దగ్గర్లో ఏ ఆసుపత్రి అనేది తెలుసుకోనుండాల, ఏటి మధ్యలో నిలబడి అడ్రస్ ఏం చెప్తారు?

ఇంక మనిషి పొడ ఉండకూడదు అన్నాడే, దాని మీద నాకు వాడితో శానా వాదన అయ్యింది. మనిషి లేని చోటు అంటూ ఈ ఏర్ల ఒడ్డున యాడుందప్పా, అరటితోటలు, చీనీతోటలు, ఏదో ఒకటి ఎవురిదో ఒకరిది ఉంటాది. మనకు కనపడని ఆ మనిషి రాత్రి అడవిపందులు రాకుండా చేని చుట్టూ కరెంటు తీగ లాగి ఉండొచ్చు. అట్ల లాగకూడదు, కేసులవుతాండాయి, అయినా లాగేవాళ్ళుండారు. మనం చీకట్లో ఒంటేలుకు పోయి ఆ తీగ తొక్కితే అంతే. సాయంత్రం వెలుతురు ఉండంగానే చేని ఆసామిని కలిసి, అన్నా ఈ రాత్రి ఈడ ఉంటాం, తీగలు ఏమన్నా ఉండాయా అని ఒక్క మాట అడిగితే, తీగ సంగతీ చెప్తాడు, ఏరు సంగతీ చెప్తాడు, అరటిగెల గూడా ఇస్తాడేమో. అడవి అయితే ఇంకా జాగ్రత్త, పాలకొండల్లో, శేషాచలంలో ఎర్రచందనం ఉండాది, రాత్రి టార్చి వెలుతురు కనిపిస్తే అటవీశాఖ వాళ్ళు మిమ్మల్ని టూరిస్టులు అనుకోరు. సిద్ధవటం బద్వేలు దిక్కు లంకమల అభయారణ్యంలో పర్మిషన్ లేకుండా ఉండేదానికి లేదు, ఇంక లేనేలేదు అనుకున్న కలివికోడి 1986లో మళ్ళా కనపడిన అడవి అది, ఆ పక్షి తిరిగేదే రాత్రిపూట, మీ స్పీకర్ పాటలు దానికెందుకు.

తాగే నీళ్ళు ఇంటి నుంచే తీసుకపోండి. చెలమ నీళ్ళు తియ్యగా ఉంటాయి, కాచి చల్లార్చుకుంటే నాకైతే ఏమీ కాలేదు, కానీ అదే చెలమ నీళ్ళు గొర్రెలోళ్ళు తాగుతారు, దాని పక్కన ఒంటేలుకు గింటేలుకు కూర్చోవద్దు, దూరంగా పోయి గుంత తీసి పూడ్చండి. సీసాలు ఇసుకలో పగలగొట్టి పోతాండారు కొందరు, పొద్దున ఒట్టి కాళ్ళతో నడిచేది ఎవురో వాళ్ళకు తెలియదు గావచ్చు.

వంట గురించి శానా చెప్దామనుకొని వచ్చినా, స్టూడియో అద్దం అవతల నుంచి టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తాండారు. ఒక్కటి మాత్రం చెప్పి లేస్తా, ఏట్లో నుంచి నున్నటి తడిరాళ్ళు తెచ్చి పొయ్యికి పెట్టద్దు, లోపల నీళ్ళు ఉడికి టపాసు మాదిరి పగుల్తాయి, మా బావ నుదుటి మీద మచ్చ అట్ల వచ్చిందే. ఉంటా, నమస్కారం.